డయానా మేడం పరుగు జట్టు

మా కాలేజీకి ఆటస్థలం లేదు. భవానీపురంలో మెయిన్ రోడ్డు పక్కన ఐదంతస్తుల బిల్డింగు. కింద ఒక బ్యాంకు, ఒక బట్టల షాపు. పై నాలుగంతస్తులూ మావి. మెట్ల కింద చిన్న గదికి ‘స్పోర్ట్స్ రూమ్’ అని బోర్డు ఉంది. లోపల రెండు క్యారమ్ బోర్డులు, కట్టడానికి చోటు లేని ఒక వాలీబాల్ నెట్టు. డయానా గారు ఫిజికల్ డైరెక్టరుగా చేరిన రోజు ఆ గది తాళం తీసి చూపించింది నేనే. నా పేరు రామకోటేశ్వరరావు. కామర్స్ చెబుతాను. ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్ల స్పోర్ట్స్ కమిటీ కన్వీనర్ని కూడా.

ఆవిడ ఆ నెట్టు విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ పొందికగా మడిచి పెట్టారు. వయసు నలభై దాటింది. పుట్టి పెరిగింది కొండపల్లిలో. తండ్రి థర్మల్ స్టేషన్‌లో పనిచేశారు. చాలా ఏళ్ళు ఒక స్కూల్లో పిల్లలకి డ్రిల్లు నేర్పించి మా దగ్గరికి వచ్చారు. భర్త యేసుకుమార్ ఆర్టీసీలో డ్రైవరు.

“గ్రౌండ్ ఎటువైపు సార్?” అని అడిగారు.

“లేదండీ.”

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూశారు. నేను హాస్యమాడుతున్నాననుకున్నారేమో.

ప్రిన్సిపాల్ గారు మాత్రం ధైర్యం చెప్పారు. “ఏం కంగారు పడకండమ్మా. యానివర్సరీకి చెస్సు, క్యారమ్సు పెట్టేస్తే సరిపోతుంది. మీ ముందున్నాయన అట్లాగే నెట్టుకొచ్చాడు.”

డయానా గారు తల ఊపి వచ్చేశారు. ఆ వారమే యూనివర్సిటీ నుంచి ఆటల పోటీల సర్క్యులర్ వచ్చింది. అది పట్టుకుని స్టాఫ్ రూముకి పరుగులాంటి నడకతో వచ్చారు. “సార్, దొరికిందండీ. క్రాస్ కంట్రీ. దీనికి కోర్టు అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు, గ్రౌండ్ అసలే అక్కర్లేదు. తోటల్లో, పొలాల్లో పరిగెత్తడమే. అమ్మాయిల జట్టు పంపిద్దాం.”

“పరిగెత్తేవాళ్ళు కావాలి కదండీ” అన్నాను.

క్లాసు క్లాసుకీ తిరిగి అడిగారు. పరిగెత్తడం ఎవరికి ఇష్టం అంటే ఒక్క చెయ్యి లేవలేదు. మర్నాడు సాయంత్రం కాలేజీ వదిలే వేళకి వెళ్ళి బస్టాపులో నిలబడ్డారు. నేనూ పక్కనే ఉన్నాను, ఇంటికి వెళ్ళడానికి. మా స్టాపులో బస్సు ఎప్పుడూ సరిగ్గా ఆగదు, కాస్త ముందుకు పోయి ఆగినట్టే ఆగి కదిలిపోతుంది. అందరూ రెండడుగులు ఉరికి, తిట్టుకుంటూ వెనక్కి వస్తారు. ఆ రోజు ఒక అమ్మాయి వెనక్కి రాలేదు. చున్నీ నడుముకి చుట్టి, బ్యాగు గుండెకి అదుముకుని, రబ్బరు చెప్పులతో బస్సు వెంట పడింది. ఆటోలు, బైకులు తప్పించుకుంటూ పరిగెత్తింది. సిగ్నల్ దగ్గర బస్సు నెమ్మదించేసరికి పిట్టలా ఎక్కేసింది.

నేను అటు తిరిగేలోపే డయానా గారు స్కూటీ తీశారు. “ఎక్కండి సార్” అన్నారు. ఎందుకు ఎక్కానో నాకు తెలియదు. తరవాతి స్టాపులో బస్సుని అందుకున్నాం. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, “అమ్మాయ్, ఒక్క నిమిషం దిగు” అన్నారు. ఆ అమ్మాయి ఏం తప్పు చేశానో అని బెదురుతూ దిగింది. సెకండియర్ బీకాం. పేరు సింధూరి. మంగళగిరి నుంచి వస్తుంది.

డయానా గారు ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూశారు. ఆవిడ కళ్ళు మెరవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

“నీకు ఆయాసమే రాలేదు కదే” అన్నారు.

“రోజూ ఉండేదే కదా మేడం” అంది సింధూరి.

అలా వారం రోజులు బస్టాపులోనే జట్టుని ఏరుకున్నారు. కొండపల్లి నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళిద్దరు దొరికారు. ఇంకో ఇద్దరు తోడయ్యారు. ఆరో పిల్ల అక్షయ. ఆమె బస్సు వెంట ఎప్పుడూ పడలేదు, ఇల్లు భవానీపురంలోనే. కాస్త బొద్దుగా ఉంటుంది. సింధూరి స్నేహితురాలు కాబట్టి వచ్చి, “నేను కూడా రావచ్చా మేడం? మెల్లగా పరిగెత్తుతాను” అంది. “మెల్లగా పరిగెత్తేవాళ్ళే కావాలమ్మా నాకు. రా” అన్నారు డయానా గారు.

సింధూరి వాళ్ళింట్లో ఒప్పుకోలేదు. తండ్రి తిరుపతిరావు మగ్గం మీద చీరలు నేస్తాడు. మేమిద్దరం వెళ్ళేసరికి గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. “చదువుకోమని పంపితే ఈ పరుగులేంటి మేడంగారూ? పొద్దున్నే చీకట్లో ఆడపిల్లని రోడ్డు మీదకి ఎట్లా పంపేది?”

“చీకట్లో వద్దండీ. తెల్లారాకే. మీ అమ్మాయిని నేనొచ్చి తీసుకెళ్ళి నేనే దింపుతాను. నమ్మకం కుదరకపోతే మీరు కూడా రండి.”

“నేనొచ్చి ఏం చేస్తాను?”

“సైకిలు తొక్కండి వెనకాల.”

ఆయన నవ్వేశాడు. మొదటి వారం నిజంగానే సైకిలు మీద వచ్చాడు కూడా.

బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు పోయే కరకట్ట మీద సాధన మొదలైంది. ఒక పక్క కృష్ణ, ఒక పక్క అరటి తోటలు. ఎదురుగా నీళ్ళ మీద నుంచి చల్లటి గాలి. డయానా గారు స్కూటీ మీద పక్కనే వస్తూ ఒకటే మాట చెప్పేవారు. “మాట్లాడుకుంటూ పరిగెత్తండి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు.” ఏం మాట్లాడాలో తెలియక పిల్లలు మూగగా పరిగెత్తేవారు. ఒకరోజు నేను వాకింగుకని వెళ్ళి, “అకౌంట్స్ అప్పజెప్పండే, పరీక్షకి కూడా పనికొస్తుంది” అన్నాను. అక్కణ్ణుంచి కరకట్ట మీద ‘వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్’ అంటూ ఆరు గొంతులు వినిపించేవి. చేపలవాళ్ళు పడవల్లోంచి తలెత్తి చూసేవారు.

మొదటి ఏడాది బందరు దగ్గర పోటీ జరిగింది. మా పిల్లలిద్దరు దారిలోనే కూర్చుండిపోయారు. మిగిలిన నలుగురూ ఎలాగో పూర్తిచేశారు. చివర వచ్చింది అక్షయ, మొహం కందగడ్డలా చేసుకుని. జట్లన్నిట్లోకీ మాదే ఆఖరి స్థానం. నేను ఏం చెప్పి ఊరుకోబెట్టాలా అని ఆలోచిస్తుంటే డయానా గారు అక్షయని పట్టుకుని గిరగిరా తిప్పుతున్నారు.

“ఆఖరున వచ్చాం కదండీ” అన్నాను.

“స్థానం వచ్చింది కదా సార్. కిందటేడు మన పేరే లేదు. ఈ పిల్ల ఆగిపోయుంటే ఇప్పుడూ ఉండేది కాదు.”

అప్పుడు నాకు లెక్క వివరించారు. క్రాస్ కంట్రీలో జట్టుకి ఆరుగురు పరిగెత్తుతారు. అందులో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. మొత్తం ఎవరికి తక్కువ వస్తే వాళ్ళదే గెలుపు. మొదట వచ్చిన పిల్ల ఎంత ముఖ్యమో నాలుగోది అంతే ముఖ్యం.

“నేను కాలేజీ రోజుల్లో పదిహేను వందల మీటర్లు పరిగెత్తేదాన్ని సార్. ఎన్ని పోటీలకి వెళ్ళినా నాలుగో స్థానమే. మెడల్సు ముగ్గురికే కదా. పక్కన నిలబడి చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేదాన్ని. ఒకసారి క్రాస్ కంట్రీలో మా జట్టు గెలిచింది. నాలుగోదాన్ని నేనే. నన్ను కూడా స్టేజీ ఎక్కించారు. మా అమ్మ ఇప్పటికీ ఆ ఫొటో వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.”

రెండో ఏడాది పోటీ నూజివీడు అవతల మామిడి తోటల్లో అని తెలిసింది. అక్కడ నేలంతా ఎగుడుదిగుడు. మా కరకట్ట అరచేతిలా చదును. ఎత్తు ఎక్కడం మా పిల్లల కాళ్ళకి తెలియదు. డయానా గారు వెంటనే ఆదివారాలు కొండపల్లికి మార్చేశారు. పొద్దున చర్చిలో పూజకి వెళ్ళే మనిషి సాయంత్రం పూజకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఖిల్లాకి పోయే ఘాట్ రోడ్డు మీద పిల్లల్ని ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించేవారు. దిగొచ్చాక డయానా గారి అమ్మ సంపూర్ణమ్మ గారి చేతి ఇడ్లీలు. ఆవిడ పిల్లలు తింటుంటే పక్కన కూర్చుని, “ఇంకో రెండు వేసుకోండమ్మా, ఆ కొండంతా ఎక్కి ఏం మిగిలింది మీలో” అనేవారు.

అక్షయకి ఎత్తు ఎక్కడం గండంగా ఉండేది. ఒక ఆదివారం సగం దారిలో రాయి మీద కూర్చుని ఏడ్చేసింది. “నా వల్ల కాదు మేడం. వేరేవాళ్ళని తీసుకోండి.”

డయానా గారు పక్కన కూర్చున్నారు. “కిందటి వారం ఎక్కడ ఆగావు?”

అక్షయ కిందికి చూపించింది. వెనక మలుపు దగ్గర.

“ఇవాళ ఇక్కడ. అంతే కదా సంగతి. లే, చిన్న చిన్న అడుగులు వెయ్యి. కొండ చివర చూడకు, నీ ముందున్న పిల్ల మడమలు చూడు.”

ఆ మడమలు చూడటం అక్షయకి బాగా పట్టుబడింది. ఎవరి వెనకైనా అంటుకుందంటే వదిలేది కాదు. సింధూరి ఒకసారి విసుక్కుంది కూడా, “ఇదేంటి మేడం, నా నీడలా వెంటపడుతోంది” అని.

పోటీ రోజు పొద్దున్నే నూజివీడు చేరాం. మంచు ఇంకా విడలేదు. ఎర్ర నేల, వరసగా మామిడి చెట్లు, మధ్యలో సున్నం గీతలు గీసిన దారి. ఆ తోట చుట్టూ నాలుగుసార్లు తిరగాలి. పోయిన ఏడాది గెలిచిన జట్టు ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీది. వాళ్ళకి సొంత ట్రాక్ ఉంది, ఇద్దరు కోచ్‌లున్నారు, అందరికీ ఒకే రంగు నీలం జెర్సీలు. మావాళ్ళవి పసుపుపచ్చ టీషర్టులు, వెనక పేరు లేదు.

డయానా గారు పిల్లల్ని దగ్గరికి పిలిచి ఎక్కువ చెప్పలేదు. “మొదటి చుట్టు మాట్లాడుకుంటూ పొండి. రెండో చుట్టు ఊపిరి చూసుకోండి. తరవాత నేను మలుపు మలుపులో ఉంటా, నా మాట వినండి.” నన్ను పక్కకి లాగి, “సార్, మీరు ఆ ఎత్తు మీద నిలబడండి. మనవాళ్ళు ఎన్నో స్థానంలో పోతున్నారో లెక్కపెట్టి నాకు అరిచి చెప్పాలి. లెక్కలు మీకు వచ్చు కదా” అన్నారు.

విజిల్ పడింది. అరవై మంది ఆడపిల్లలు ఒక్కసారి కదిలేసరికి నేల అదిరినట్టయింది. ఎర్ర దుమ్ము లేచింది. నేను ఎత్తు మీదకి ఎక్కేసరికే సింధూరి అందరికంటే ముందు కనిపించింది. వెనక ఇద్దరు నీలం జెర్సీలు. కొండపల్లి అక్కచెల్లెళ్ళు పదీ పదిహేను మధ్య ఉన్నారు. అక్షయ ఎక్కడో ముప్పై దాటి, నోరు కదుపుతూ వస్తోంది. నా ముందు నుంచి పోతుంటే వినిపించింది, “ఖర్చులన్నీ డెబిట్...” అని.

డయానా గారు ఒకచోట నిలబడలేదు. చెట్ల మధ్య నుంచి అడ్డంగా పరిగెత్తి ఈ మలుపులో కనిపించేవారు, అందర్నీ పంపించి ఆ మలుపుకి పరిగెత్తేవారు. ఆ లెక్కన ఆవిడ కూడా సగం పోటీ పరిగెత్తినట్టే. మూడో చుట్టు వచ్చేసరికి నేనూ ఒకచోట ఉండలేకపోయాను. లెదర్ బూట్లతో ఎత్తు దిగి, మళ్ళీ ఎక్కి, గొంతు పోయేలా స్థానాలు అరుస్తున్నాను.

అప్పుడు జరిగింది. దిగుడులో ట్రాక్టరు చక్రం గాడి ఒకటి లోతుగా ఉంది. సింధూరి కాలు దాన్లో పడింది. బోర్లా పడిపోయింది. నీలం జెర్సీలు రెండూ పక్కనుంచి దూసుకుపోయాయి. ఇంకో పిల్ల పోయింది. ఇంకొకటి, ఇంకొకటి. నేను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. సింధూరి లేచింది. మోకాలు చిట్లి రక్తం కారుతోంది. రెండడుగులు కుంటింది. డయానా గారు ఎక్కణ్ణుంచి వచ్చారో గీతకి అవతల ప్రత్యక్షమయ్యారు. ముట్టుకుంటే పిల్లని పోటీలోంచి తీసేస్తారు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే పరిగెత్తుతూ, “కాలు మోపు. మోపి చూడు. మోపగలిగావా? అయితే నడక వద్దు, మెల్లగా ఉరుకు. బస్సు ఇంకా సిగ్నల్ దాటలేదమ్మా” అన్నారు.

సింధూరి ఏడుస్తూనే ఉరికింది. వందడుగులు పోయేసరికి ఏడుపు ఆగింది. కుంటడం కూడా పోయింది.

ఇక్కడ ఇంత గొడవ జరుగుతుంటే వెనక జరిగేది నేను చూడలేదు. చూసేసరికి అక్షయ పదిహేనో స్థానంలో ఉంది. కళ్ళు నేల మీద పెట్టి, ముందున్న పిల్ల మడమలు చూస్తూ. ఎత్తు మొదలవగానే ఆ పిల్ల వేగం తగ్గింది, అక్షయ తగ్గలేదు. చిన్న చిన్న అడుగులు. దాటేసింది. ఇంకో జత మడమలు వెతుక్కుంది. నేను స్థానాలు చెప్పడం మానేసి, “అక్షయా, అక్షయా” అంటున్నాను. నా పక్కనున్న వేరే కాలేజీ లెక్చరర్ కూడా నాతో పాటు అరవడం మొదలుపెట్టాడు, అక్షయ ఎవరో తెలియకుండానే.

చివరి మలుపు నుంచి ముగింపు గీత దాకా తిన్నటి దారి. మొదట నీలం జెర్సీలు ఒకటి వెనక ఒకటి వచ్చాయి. కాసేపటికి సింధూరి నాలుగోదిగా వచ్చి పడింది. కొండపల్లి అక్కచెల్లెళ్ళు ఏడు, ఎనిమిది. ఆ వెనకే మూడో నీలం జెర్సీ. ఇప్పుడు మా నాలుగో మనిషి కావాలి. మలుపులో అక్షయ కనిపించింది. ఆమె ముందు ఒక పొడుగాటి పిల్ల, పది అడుగుల దూరంలో. డయానా గారు దారి పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి నిలబడ్డారు. గొంతు లేదు ఆవిడకి, పూర్తిగా పోయింది. చేత్తో మాత్రం ముందున్న పిల్ల మడమలు చూపించారు.

అక్షయ చూసింది. పళ్ళు బిగబట్టి, చేతులు గుండెల మీదకి లాగి ఉరికింది. ఆ పిల్ల అంత వేగంగా పోగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు. గీతకి రెండడుగుల ముందు పొడుగాటి పిల్లని దాటి, అవతల సింధూరి మీద పడిపోయింది. పదకొండో స్థానం. ఇద్దరూ నేల మీద దొర్లారు.

నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను. మాకు ముప్పై. నీలం జెర్సీల నాలుగో పిల్ల వచ్చేదాకా ఆగి వాళ్ళదీ లెక్క కట్టాను. వాళ్ళకీ ముప్పై.

బల్ల దగ్గర పెద్ద చర్చ. వాళ్ళ కోచ్, “మొదటి రెండు స్థానాలు మావి కదండీ, గెలుపు మాదే అవుతుంది” అంటున్నాడు. డయానా గారు గొంతు లేక గుసగుసగా, “రూల్ చూడండి సార్, రూల్ చూడండి” అంటున్నారు. ఒక పెద్దాయన, ఆ పోటీలకి రిఫరీ, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివి తలెత్తారు. “సమానమైతే ఎవరి నాలుగో మనిషి ముందొస్తే వాళ్ళదండీ. వీళ్ళ నాలుగో అమ్మాయి పదకొండు, మీ అమ్మాయి పద్దెనిమిది.”

వాళ్ళ కోచ్ డయానా గారికి చెయ్యిచ్చాడు. “మీ ట్రాక్ ఎక్కడండీ?” అని అడిగాడు. “మాకు ట్రాక్ లేదండీ” అన్నారావిడ. ఆయన నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు హనుమాన్ జంక్షన్‌లో వ్యాను ఆపి పిల్లలకి బిర్యానీ పెట్టించాం. అక్షయ గెలిచిన కప్పు పక్కన పెట్టుకుని తింటూ తింటూ నిద్రపోయింది. యేసుకుమార్ గారు డ్యూటీ దిగి ఫోన్ చేశారు. డయానా గారు ఆ పోయిన గొంతుతోనే మొదటి చుట్టు నుంచి చెప్పడం మొదలుపెట్టారు. మూడో చుట్టుకి వచ్చేసరికి మాట రాక ఫోన్ నా చేతికిచ్చి, “సార్, మీరు చెప్పండి, పడిపోయింది దగ్గర్నుంచి” అన్నారు. చెప్పాను. ఆయన అవతల నుంచి వింటూనే ఉన్నారు, “తరవాత?” అంటూ.

ఇంతలో ప్రిన్సిపాల్ గారి ఫోన్. ఎంత పెద్ద ఫ్లెక్సీ వేయించమంటారు అని. ఫ్లెక్సీ వద్దు, పిల్లలకి మంచి బూట్లు కావాలని డయానా గారి తరఫున నేనే చెప్పాను. బూట్లూ వచ్చాయి, ఫ్లెక్సీ కూడా వచ్చింది. దాని మీద ప్రిన్సిపాల్ గారి ఫొటో మధ్యలో, పిల్లలు చుట్టూ చిన్న చిన్న గుండ్రాల్లో ఉన్నారు. తిరుపతిరావు మంగళగిరి నుంచి పనిగట్టుకుని వచ్చి, దాని ముందు నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

సింధూరిని యూనివర్సిటీ జట్టుకి తీసుకున్నారు. దేశంలోని యూనివర్సిటీలన్నీ పాల్గొనే పోటీ ఎక్కడో పంజాబు వైపు జరిగింది. మేనేజరుగా డయానా గారే వెళ్ళారు. రెండు రాత్రులు రైల్లో ప్రయాణం, అక్కడ ఎముకలు కొరికే చలి. తిరిగొచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరం చుట్టూ మూగాం.

“ఎన్నో స్థానం వచ్చిందండీ?” అని అడిగాను.

“వంద దాటింది సార్.”

ఆవిడ వాడిపోయిన మా మొహాలు పట్టించుకోలేదు. బ్యాగు కింద పెట్టి, కెమిస్ట్రీ మేడం కుర్చీ పక్కకి జరిపించి, మధ్యలో చోటు చేశారు. “అబ్బ, ఏం పరుగండీ వాళ్ళది. ఆ కొండ ప్రాంతం పిల్ల ఒకతి ఉంది. పాదం ఎట్లా వేస్తుందో చూడండి. మడమ కింద ఆనదు, ఇదిగో ఇట్లా. మోచేయి చూశారా, ఒంటికి దగ్గరగా. సింధూరి ఆ పిల్లని పట్టుకుని గంటసేపు అడిగింది, హిందీ రాకపోయినా సైగలతో.”

చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, బల్లల మధ్య ఇటునుంచి అటు పరిగెత్తి చూపించారు. గంట మోగింది. నాకు క్లాసుంది. అయినా ఇంకోసారి చూపించమని అడిగాను.